చరిత్ర, సామాజిక శాస్త్రాల పీజీకి విదేశం వెళ్లాలనుకునేవారికి

తరువాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుంది కాబట్టి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు హైదరాబాదులో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం తీసుకుని బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నారు. విదేశంలో చరిత్రలో గాని, సోషియాలజీలో గాని పీజీ చేయాలని మీ కోరిక. కన్సల్టెన్సీ వారు మాత్రం బ్రిటన్‌లో ఏడాది పాటు సాగే ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్’ ఎమ్మెస్సీ చూపించి, సీటు వచ్చేసింది, నెలాఖరులోగా డిపాజిట్ కట్టండి అంటున్నారు. మీ నాన్నగారు ముప్పై అయిదు లక్షల అప్పుకు సిద్ధపడ్డారు. ఇంజినీరింగ్ కాని చదువుకు అంత అప్పేమిటని బంధువులు అడుగుతున్నారు. ఏ దేశం మంచిది, ఏ కోర్సు మంచిది, తిరిగి వస్తే ఇక్కడ ఆ డిగ్రీకి విలువ ఉంటుందా అని మీరు అడిగారు.

నేను యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాలు బోధిస్తున్నాను. పీజీ, పీహెచ్‌డీ దరఖాస్తులు చదివి ఎంపిక చేసే కమిటీలోనూ ఉంటాను. మీరు దేశం దగ్గర మొదలుపెట్టారు గాని, మన రంగంలో మొదట తేల్చుకోవలసినవి రెండున్నాయి: మీ చదువు ఖర్చు ఎవరు భరిస్తారు, మీరు ఎవరి దగ్గర చదవబోతున్నారు. ఈ రెండూ తేలితే దేశం దానంతటదే తేలుతుంది. కంప్యూటర్ సైన్స్ చదివేవారు అప్పు చేసి వెళ్లి, ఉద్యోగం చేసి తీర్చే దారి ఒకటి మన ఊళ్లలో అందరికీ తెలుసు. చరిత్ర, సోషియాలజీ, ఆంత్రోపాలజీ వంటి శాఖల్లో ఆ దారి లేదని కాదు, చాలా ఇరుకు. దాని బదులు ఇక్కడ వేరే దారి ఉంది: విశ్వవిద్యాలయమో, ప్రభుత్వమో, ఏదైనా ఫౌండేషనో ఖర్చు పెట్టుకుని చదివించడం. కన్సల్టెన్సీలు ఈ రెండో దారి గురించి మాట్లాడకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. చాలా కన్సల్టెన్సీలకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమిషనే ఆదాయం, స్కాలర్‌షిప్‌తో వెళ్లే విద్యార్థి వల్ల వారికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు మీ చేతిలో ఉన్న ఆఫర్ సంగతి చూద్దాం. ముప్పై అయిదు లక్షల అప్పును పది శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 46 వేల రూపాయల వాయిదా పడుతుంది. చదివే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. బ్రిటన్‌లో ఫీజుతో పాటు, లండన్‌లో ఉండేవారు నెలకు 1,500 పౌండ్లకు పైగా చొప్పున తొమ్మిది నెలల జీవన వ్యయాన్ని వీసాకు ముందే బ్యాంకు ఖాతాలో చూపించాలి. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు విడిగా కట్టాలి. చదువు పూర్తయ్యాక అక్కడ ఉండి పని వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా పీజీ వారికి ఇంతవరకు రెండేళ్లుండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలే. ఆ తరువాత ఉద్యోగ వీసాకు మారాలంటే 2025 జూలై నుంచి సాధారణ జీతపు పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి కొంత సడలింపు ఉన్నా, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సహాయకుల ఉద్యోగాల్లో మొదటి జీతాలు తరచూ ఈ పరిమితికి దిగువనే ఉంటాయి. అంటే అక్కడే సంపాదించి అప్పు తీరుస్తానన్న లెక్క మీద ఈ కోర్సుకు వెళ్లడం మంచిది కాదు. బంధువుల మాటలో ఆ మేరకు నిజముంది. వారు తప్పు పట్టవలసింది అప్పును, మీరు ఎంచుకున్న చదువును కాదు.

మీరు చదవాలనుకున్నది చరిత్ర, వారు చూపించింది డెవలప్‌మెంట్ అన్న విషయం కూడా గమనించండి. బ్రిటన్‌లో ఎంఏ, ఎమ్మెస్సీ అన్న పేర్లను బట్టి కోర్సు స్వభావం తెలియదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆంత్రోపాలజీకి, అంతర్జాతీయ సంబంధాలకు కూడా ఎమ్మెస్సీయే ఇస్తుంది. చూడవలసింది కోర్సులోని పేపర్లు, వాటిని చెప్పే అధ్యాపకులు, చివర సమర్పించే డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఎంతటిది, దానికి పర్యవేక్షకులుగా ఎవరుంటారు అన్నవి. ఏటా వందల మందిని చేర్చుకుని, ఏ ప్రాంతం మీదా ప్రత్యేక కృషి లేని అధ్యాపకులతో నడిచే కోర్సు నుంచి పీహెచ్‌డీకి పనికివచ్చే సిఫారసు లేఖ రావడం కష్టం, ఎందుకంటే అక్కడ మీ పేరు గుర్తుండే మనిషి ఉండరు.

అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఎంఏ లేకుండానే బీఏ నుంచి నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. మంచి విశ్వవిద్యాలయాల్లో అయిదారేళ్ల పాటు ఫీజు మాఫీ చేసి, క్లాసులు చెప్పినందుకు స్టైపెండ్ ఇస్తారు. మొదటి రెండేళ్లు కోర్సులే కాబట్టి ఎంఏలో నేర్చుకోవలసింది అక్కడే నేర్పుతారు. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మన మూడేళ్ల బీఏను కొన్ని విశ్వవిద్యాలయాలు తమ నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా తీసుకోవు. ఒక్కొక్క శాఖకు విడిగా రాసి అడగాలి, లేదా నాలుగో ఏడు ఆనర్స్ గాని, ఇక్కడే ఎంఏ గాని పూర్తి చేసి వెళ్లాలి. రెండోది, ఈ మధ్య నిధులు బాగా తగ్గాయి. చికాగో విశ్వవిద్యాలయం అంతటిది 2026–27కు హ్యుమానిటీస్‌లోని అనేక శాఖల్లో పీహెచ్‌డీ ప్రవేశాలను ఆపివేయడమో తగ్గించడమో చేస్తున్నట్లు 2025లో ప్రకటించింది. హార్వర్డ్ కూడా సీట్లు కోసింది. కాబట్టి ఏ శాఖకైనా దరఖాస్తు రుసుము కట్టేముందు ఈ ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి. రుసుము మాఫీ అడిగితే చాలాచోట్ల ఇస్తారు. సొంత డబ్బు పెట్టుకుని అమెరికాలో చరిత్ర ఎంఏ చేయడాన్ని మాత్రం నేను ఎవరికీ సూచించను. చదువు అయ్యాక పని చేయడానికి పన్నెండు నెలలే ఇస్తారు. మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోని కోర్సులకే వర్తిస్తుంది. ఎకనామిక్స్ శాఖలు కొన్ని తమ కోర్సును ఆ జాబితాలో ఉన్న ‘ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’ అన్న కోడ్ కింద నమోదు చేయడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఎకనామిక్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. మీ బీఏలో ఆ సబ్జెక్టు ఉంది గాని, విదేశాల్లో ఆర్థికశాస్త్ర పీజీకి లీనియర్ ఆల్జీబ్రా, మల్టీవేరియబుల్ కాలిక్యులస్, పీహెచ్‌డీకైతే రియల్ అనాలిసిస్ చదివి ఉండాలని చూస్తారు. మీ మార్కుల జాబితాలో అవి లేవు. ఆ దారిని పక్కన పెట్టండి.

యూరప్ ఖండం వైపు మనవారు తక్కువగా చూస్తారు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు; బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం బయటి దేశాల వారి నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. 1962లో మొదలైన దక్షిణాసియా అధ్యయన సంస్థ ఉన్న హైడెల్‌బర్గ్ ఆ రాష్ట్రంలోనిదే. గాటింగెన్‌లో ఆధునిక భారత అధ్యయన కేంద్రం ఉంది. వీసాకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, మన డిగ్రీలు అసలైనవేనని జర్మన్ రాయబార కార్యాలయపు విభాగం ఏపీఎస్ ఇచ్చే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఇది 2022 నవంబరు నుంచి తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసేది ఫీజు కాదు, నెలనెలా మీరే తీసుకుని తినే డబ్బు. బుడాపెస్ట్ నుంచి వియన్నాకు తరలిన సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ ప్రధానంగా మన శాస్త్రాల విద్యాసంస్థే. ప్రతిభను బట్టి ఫీజు మాఫీలు ఇస్తుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ అన్నింటికంటే ముందు చూడవలసినది: ఎంపికైతే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోల భృతి ఉంటుంది, రెండేళ్లలో రెండు మూడు దేశాల్లో చదువుతారు. లైప్‌జిగ్ సమన్వయంతో నడిచే గ్లోబల్ స్టడీస్ వంటి కోర్సులు మీ నేపథ్యానికి సరిపోతాయి.

స్కాలర్‌షిప్‌ల జాబితాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి గాని, మీకు ఇప్పుడే వర్తించేవి, వర్తించనివి విడదీసుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. చదువు అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతూ ఉంది. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఈ రెంటినీ డిగ్రీ చేతికి రాకముందే ఆశించి లాభం లేదు. ఆక్స్‌ఫర్డ్, లండన్‌లోని సోయాస్, రీడింగ్ విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థుల కోసం ఉన్న ఫెలిక్స్, ఆక్స్‌ఫర్డ్‌కు తీసుకువెళ్లే రోడ్స్, కేంబ్రిడ్జికి గేట్స్ మాత్రం అనుభవం అడగవు. పోటీ ఎంతటిదంటే రోడ్స్ మన దేశానికి కేటాయించినవి ఏటా అయిదారుకు మించవు.

ప్రభుత్వ పథకాల విషయంలో ఒక తేడా మీరు తప్పక తెలుసుకోవాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం ఉన్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఇరవై లక్షల రూపాయల వరకు ఇస్తుంది. డిగ్రీలో అరవై శాతం మార్కులు, కుటుంబ ఆదాయం అయిదు లక్షల లోపు అన్న నిబంధనలున్నాయి. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్‌తో పాటు సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు చదివినవారు కూడా అర్హులే. ఈ సంగతి తెలియక మన రంగం వారు దరఖాస్తే చేయరు. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతోను, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతోను ఇలాంటివే విడిగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమి లేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకు ఉద్దేశించినది. అయితే 2022లో దాని మార్గదర్శకాలను మార్చి, భారతదేశపు సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన కోర్సులకు, పరిశోధనాంశాలకు ఇవ్వబోమని చేర్చారు. ఎవరి బతుకులను ఈ శాస్త్రాలు ఎక్కువగా అధ్యయనం చేస్తాయో ఆ పిల్లలే ఆ అధ్యయనం చేయడానికి వీల్లేకుండా పోయిన ఆ నిబంధన నాకు ఏ విధంగానూ సబబుగా కనిపించదు. కానీ నిబంధన ఉన్నంతకాలం దాన్ని చూసుకునే దరఖాస్తు రాయాలి కాబట్టి, మీరు ఆ వర్గాలకు చెందినవారైతే ఆ ఏటి మార్గదర్శకాలను అక్షరం విడవకుండా చదవండి.

ఇక దరఖాస్తు. చరిత్ర, సోషియాలజీ శాఖల్లో జీఆర్ఈ ప్రవేశ పరీక్షను చాలాచోట్ల ఎత్తివేశారు. మార్కులు ఒక హద్దు దాటితే మళ్లీ ఎవరూ వాటివైపు చూడరు. మేము నిజంగా కూర్చుని చదివేవి రెండే: స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం), రైటింగ్ శాంపిల్ (మీరు రాసిన పరిశోధన వ్యాసం నమూనా). మన విద్యార్థుల ఫైళ్లు దెబ్బతినేది ఈ రెండింటి దగ్గరే. చిన్ననాటి నుంచి చరిత్ర అంటే మక్కువ, తాతగారు కథలు చెప్పేవారు, భారతదేశం వైవిధ్యానికి నిలయం అంటూ మొదలైన స్టేట్‌మెంట్ ఎవరిదైనా కావచ్చు. మీ చేతిలో ఒక ప్రశ్న ఉందని చూపించే స్టేట్‌మెంట్ మీది మాత్రమే అవుతుంది.

ఉదాహరణకు తెలంగాణలో గ్రంథాలయోద్యమం అన్న అంశాన్నే తీసుకోండి. బీఏ స్థాయిలో దీని మీద వ్యాసం రాయమంటే, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపన, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ, ఆ తరువాత ప్రజా చైతన్యం అని వరుసగా రాస్తాం. అందులో తప్పేమీ లేదు, కానీ అది పాఠం, పరిశోధన కాదు. అదే విషయాన్ని ఇలా అడగవచ్చు: రాజభాష ఉర్దూగా ఉన్న నగరంలో ఒక తెలుగు గ్రంథాలయానికి చందా కట్టి సభ్యులైనవారు ఎవరు? వకీళ్లా, గుమాస్తాలా, వర్తకులా? ఊళ్లలో గ్రంథాలయం పెట్టినప్పుడు దాని గది ఎవరి ఇంటిది, ఆ గడప దాటి లోపలికి రాగలిగినవారు ఎవరు? స్త్రీలు పుస్తకాలు తెప్పించుకునేవారా, ఎవరి చేత? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి వార్షిక నివేదికలో, సభ్యుల పట్టికలో, పత్రికకు వచ్చిన ఉత్తరాల్లో జవాబు వెతికి పదిహేను పేజీలు రాస్తే, ఆ జవాబు అసంపూర్ణమైనా సరే, ఎంపిక కమిటీలోని వారు ఆ ఫైలును ఎంపిక కోసం విడిగా తీసి పెట్టుకుంటారు. ఇంతకుముందు ఈ అంశం మీద ఎవరేమి రాశారు, మీరు వారితో ఎక్కడ ఏకీభవించరు అన్నది మొదటి రెండు పేజీల్లోనే తేలాలి.

దీనికి కావలసిన సరుకు మీ ఊళ్లోనే ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులున్నాయి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత తెలుగు పుస్తకాలతో పాటు అబ్దుల్ సమద్ ఖాన్ సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. కోస్తా వైపు వెళ్లగలిగితే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. ఆంధ్ర పత్రిక, కృష్ణా పత్రిక వంటి వాటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలోకి మార్చింది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి, వాటిలో హైదరాబాదు రెసిడెన్సీ కాగితాలూ ఉన్నాయి. వాటిని అక్కడి విద్యార్థులు ఎవరైనా చదవగలరు. వాటిని తార్నాక కాగితాలతో, గోలకొండ పత్రికతో కలిపి చదవగలిగినవారు ఎంతమంది? తెలుగు చదవడం రావడమన్నది మనకు విశేషంగా తోచదు గాని, దక్షిణాసియా మీద పనిచేసే విదేశీ శాఖలో అది పెద్ద అర్హత. మీరు పాతబస్తీలో పెరిగానని రాశారు. ఉర్దూ మాట్లాడటం వస్తే, ఇప్పటి నుంచి లిపి కూడా నేర్చుకోండి. తెలుగు సాహిత్య, సాంస్కృతిక చరిత్ర వైపు మనసుంటే ఎమొరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రలకు ప్రత్యేకంగా ఒక ఆచార్య పీఠం ఉంది. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు బోధించారు.

అక్కడ క్లాసులు ఎలా ఉంటాయో కూడా కొంచెం తెలిసి వెళ్లడం మంచిది. సెమినార్‌లో నోట్సు చెప్పేవారు ఉండరు. ఒక్కొక్క పేపర్‌కు వారానికి రెండు మూడు వ్యాసాలు, ఒకటి రెండు అధ్యాయాలు చదివి వచ్చి, రచయిత వాదన ఏమిటి, అది ఎక్కడ నిలవదు అన్నది చెప్పాలి. మొదటి టర్మ్‌లో మనవారు మౌనంగా కూర్చునేది ఇంగ్లీషు రాక కాదు. అచ్చయిన పుస్తకాన్ని తప్పుపట్టవచ్చునన్న అలవాటు లేక. ఇంకొకరి వాక్యాన్ని పేరు చెప్పకుండా వాడుకోవడాన్ని అక్కడ చాలా తీవ్రంగా తీసుకుంటారు, అందుకు కోర్సు నుంచి పంపించివేసిన సందర్భాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో డెబ్బై మార్కులు దాటితే డిస్టింక్షన్, అరవై దాటితే మెరిట్, యాభైకి పాస్. కాబట్టి మొదటి వ్యాసానికి అరవై రెండు వచ్చిందని ఇంటికి ఫోను చేసి బాధపడకండి.

తిరిగి వచ్చాక డిగ్రీ విలువ గురించి అడిగారు. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌కు ఇక్కడ గుర్తింపు లేదన్న పాత మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. 2022 జూలైలో రెండు దేశాలు డిగ్రీల పరస్పర గుర్తింపు ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అందులో ఆ మాస్టర్స్ కూడా ఉంది. అధ్యాపక ఉద్యోగానికి యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకింగుల్లో ఏదో ఒకదానిలో మొదటి 500 స్థానాల్లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ ఉంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హులే. ర్యాంకింగ్ చూడవలసిన సందర్భం నా దృష్టిలో ఇదొక్కటే. విదేశీ మాస్టర్స్ మాత్రమే ఉన్నవారికి నెట్ గాని, రాష్ట్ర స్థాయి సెట్ గాని తప్పదు. అధ్యాపకత్వం కాక పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ కార్యక్రమాల మూల్యాంకనం వంటి పనుల్లోకి వెళ్లాలనుకుంటే, గణాంక పద్ధతుల పేపరు ఒకటి, ఫీల్డ్‌వర్క్ పద్ధతుల పేపరు ఒకటి తప్పకుండా తీసుకోండి. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్ గాని, స్టాటా గాని చేతికి రావాలి.

మీ స్థానంలో ఎవరున్నా నేను చెప్పే క్రమం ఇది. ఆ డిపాజిట్ ఇప్పుడు కట్టకండి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర, సోషియాలజీ శాఖలు రెండూ బలమైనవే; సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి అక్కడ గాని, ఢిల్లీలో గాని ఎంఏలో చేరండి. ఫీజు నామమాత్రం, మూడేళ్ల డిగ్రీ చిక్కు తీరిపోతుంది, మిమ్మల్ని రెండేళ్లు దగ్గరగా చూసిన అధ్యాపకులు సిఫారసు లేఖ రాస్తారు, ఎంఏ డిసర్టేషనే రైటింగ్ శాంపిల్ అవుతుంది. అదే సమయంలో ఎరాస్మస్ ముండస్‌కు, ఫెలిక్స్‌కు ఈ ఏడాది నుంచే దరఖాస్తు చేస్తూ ఉండండి. వస్తే ఎంఏ మధ్యలో వదిలి వెళ్లినా నష్టం లేదు. రెండో సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, మీ అంశానికి దగ్గరగా పనిచేసే అధ్యాపకులకు ఉత్తరాలు రాయండి, ఎందుకంటే అమెరికా పీహెచ్‌డీ గడువులు డిసెంబరు, జనవరిల్లోనే ముగుస్తాయి. ఉత్తరం పది వాక్యాలు దాటకూడదు: మీ ప్రశ్న ఏమిటి, ఏ ఆధారాలు చూశారు, వారు రాసినదానిలో ఏ వాదన మీ ప్రశ్నకు తగులుతుంది, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి ఇరవై మందికి ఒకే ఉత్తరం పంపితే అది చదివిన క్షణంలోనే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే మూడు వారాల తరువాత ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. జవాబు రాకపోయినా ఆ శాఖకు దరఖాస్తు చేయడానికి అడ్డేమీ ఉండదు.